మగ్గం గుంతలో మాగిన పండు

నిన్న సాయంత్రం ఆరూ పదికి మా వీధి మలుపులోని పళ్ళ అంగట్లో ఒక లక్ష్మణఫలాన్ని రెండుగా కోశారు. లోపల ఎలా ఉంటుందో తెలిస్తే జనం కొంటారని కోసి పెట్టాడు అంగడతను. నేను అరటిపళ్ళకని వెళ్ళాను. అనంతపురంలో ఆ వేళకు వీధంతా మిరపకాయ బజ్జీల నూనె వాసన, ఆటోల పొగ. ఆ రెండింటినీ తోసుకుని ఒక పుల్లటి తీపి వాసన వచ్చింది. అనాసపండు వాసనకు దగ్గరగా ఉంటుంది కానీ అంత ఘాటు ఉండదు. "ఫారిన్ పండు మేడమ్, ఇప్పుడిప్పుడే వస్తాండాది మనకు," అన్నాడతను. ధర్మవరంలో మా ఇంటి పెరట్లో అది కాసిందని నేను చెప్పలేదు. ఆ మాట చెబితే మా జేజి గురించి చెప్పాలి, నాయన గురించి చెప్పాలి. అరటిపళ్ళు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

జేజి అంటే నాయనకు అమ్మ. నాయన పట్టుచీరలు నేసేవాడు. మా ఇల్లు పొడవుగా, సన్నగా ఉండేది. వీధివైపు మగ్గం గది, దాని వెనక వంటిల్లు, ఆ వెనక నాపరాళ్ళు పరిచిన కొంచెం జాగా, చివర పెరడు. నేసిన చీరలు కొన్ని పోగయ్యాక నాయన వాటిని తెల్లటి గుడ్డలో మూటగట్టుకుని రైల్లో బెంగుళూరు పోయి ఇచ్చి వచ్చేవాడు. వచ్చేటప్పుడు పట్టు నూలుతోపాటు, అక్కడి మార్కెట్లో తన కంటికి వింతగా కనిపించిన పండు ఏదో ఒకటి తెచ్చేవాడు. తక్కువ మాట్లాడే మనిషి. పండును సంచిలోంచి తీసి జేజి ముందు పెట్టి, పేరు తెలిస్తే పేరు చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి పోయేవాడు. కోయడం జేజి పని. కత్తిపీట ముందు కూర్చుని, వాసన చూసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, "ఇంగా ఆగల్ల" అని పక్కన పెట్టిందంటే ఎవరు ఏడ్చినా ఇచ్చేది కాదు. తినే రోజున మేమంతా చుట్టూ కూర్చుని, నోట్లోని గింజలను కడిగి ఆమె అరచేతిలో వేయాలి. గింజ మింగినవాళ్ళకు రెండో ముక్క ఉండేది కాదు.

ఆ గింజలన్నీ పెరట్లోకి పోయేవి. తొంభైల చివర, నేను చిన్న తరగతుల్లో ఉన్న ఏళ్ళవి. మబ్బులు పడమటినుంచి వచ్చి మా నెత్తిమీదుగా ఎటో పోయే ఊరు మాది. కుళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఇంట్లో ఏ నీళ్ళూ ఒక్కసారి వాడి పారబోసేవాళ్ళం కాదు. బియ్యం కడిగిన నీళ్ళు ఒక చెట్టుకు, ముఖాలు కడుక్కున్న నీళ్ళు ఇంకో చెట్టుకు. పనస గింజ మొలిచి రెండు జానలు పెరిగి మొదటి ఎండాకాలానికే మాడిపోయింది. నక్షత్రపు కాయ చెట్టు మాత్రం గోడ నీడన బతికింది. అడ్డంగా కోస్తే ఐదు మూలల చుక్కలాగా ఉండే దాని కాయలు పచ్చిగా ఉన్నప్పుడు పప్పులోకి, పండితే ఉప్పూ కారం అద్దుకుని మా నోళ్ళలోకి పోయేవి. ఒక ఏడు మామిడిపిందెలు దొరక్క ఉగాది పచ్చడిలోకి కూడా ఆ కాయే తరిగారు.

ప్యాషన్ ఫ్రూట్ తీగ వంటింటి చూరు మీదికి పాకి, నున్నగా ఊదారంగులోకి తిరిగిన కాయలు కాసింది. అవి రాలి, గంపలో ఉండి ఉండి ముడతలు పడ్డాయి. ఎదురింటి నాగమ్మక్క వచ్చి చూసి, "ఎండిపోయినాయి పెద్దమ్మా, పారెయ్యి," అంది.

"ముడతలు పడినాయని పారేసేటట్లయితే ముందు నన్ను పారెయ్యల్ల," అంది జేజి.

అందరూ నవ్వారు. జేజి ఒకదాన్ని కోసి చూసింది. లోపల పసుప్పచ్చటి గుజ్జు, నల్లటి గింజలు, ఇల్లంతా వాసన. ముడత పడ్డాకే అది తీపెక్కుతుందని ఆరోజు తెలిసింది. ఆ ఉగాదికి ఓళిగల మీద నెయ్యి బదులు ఆ గుజ్జు వేసుకుని తిన్నది మా వీధిలో మేమొక్కళ్ళమే అయ్యుంటాం.

మాగబెట్టడం ఇంట్లో ఏడాది పొడుగునా సాగే పని. వానలు వెనకబట్టే కాలంలో కదిరివైపు గుట్టలనుంచి సీతాఫలాల గంపలు వచ్చేవి. గోనెసంచిలో వేరుశనగ పొట్టు పోసి, దాని మధ్య కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మూతి కట్టి వంటింటి మూలన పెట్టేది జేజి. రోజూ పొద్దున చెయ్యి లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్కో కాయనూ తడిమేది. మెత్తబడినది చేతికి తెలిసేది. మేం ఆమె ముఖం చూస్తూ నిలబడేవాళ్ళం. ఆమె కనుబొమలు కదిలితే ఆరోజు పండు ఉన్నట్టు.

లక్ష్మణఫలం గింజ కూడా అలా బెంగుళూరు సంచిలోంచి వచ్చిందే. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు జేజి దాన్ని పెరడు నడిమధ్యన నాటింది. ఎండలకు కాండానికి గోనెపట్టాలు చుట్టి, మొదలు చుట్టూ పొట్టు పరిచి, దాన్ని మనిషెత్తు దాటించింది. ఆకులు ముదురాకుపచ్చగా, నూనె రాసినట్టుండేవి. పూలు కూడా వచ్చాయి, తోలంత మందం రేకులతో. వచ్చినవన్నీ రాలిపోయాయి. మరుసటి ఏడూ అంతే.

ఆలోపల మా అన్న పదో తరగతి అయ్యి బడి మానేశాడు. నేత నేర్చుకున్నాడు, చెయ్యి బాగా తిరిగింది, కానీ ఇంట్లో ఉన్నది ఒక్కటే మగ్గం. రెండు వీధుల అవతల వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి కూర్చునేవాడు. పొద్దున చద్ది తిని పోతే దీపాల వేళకు వచ్చేవాడు. ఇంకో మగ్గం గది వేయడానికి పెరడు తప్ప వేరే జాగా లేదు. పెరడు నడుమ ఆ చెట్టు.

వానాకాలంలో ఒకరోజు భోజనాల దగ్గర నాయన ఆ మాట తెచ్చాడు. "అమ్మా, అది పూసేది, రాల్చేది. ఇన్నేండ్లకు ఒక్క కాయన్నా చూసినామా? దాన్ని తీసేస్తే పిల్లోనికి గది వస్తాది."

"చూడకుండా కొట్టేస్తే ఎప్పటికీ చూడం. ఉగాది దాకా ఆగురా," అంది జేజి.

"సరే. ఉగాది దాకా. అప్పటికి తినే పండు చేతికిస్తే చూద్దాం. లేకుంటే బేల్దారిని పిలిచి గోడలు లేపిస్తా. నువ్వు అడ్డం పడకూడదు."

"పడను పో."

అన్న తలెత్తకుండా తింటున్నాడు. అతని పక్షాన న్యాయం ఉందని జేజికి తెలుసు. అందుకే ఆమె ఇంకేమీ అడగలేదు.

చీరలు చూడటానికి శివమొగ్గ వైపునుంచి ఒక సావుకారు అప్పుడప్పుడు వచ్చేవాడు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. ఆ రోజుల్లో వాళ్ళ వైపు అందరూ వెనీలా తీగలు పెట్టారట. పెరట్లో చేతులు కడుక్కుంటూ, నేలమీద రాలిన పూలు చూసి, "మా కడె వెనీలా పూలు చేత్తోనే కలపాలమ్మా. ఆ పని చేసే పురుగు మా తోటల్లో ల్యా. మీ చెట్టుకూ అదే కష్టమేమో," అన్నాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు.

జేజికి అది చాలింది. మగ్గం కింద పడే తెగిన పట్టుపోగులు కొన్ని ఏరి, చీపురుపుల్ల కొసకు చుట్టి కుచ్చులా చేసింది. మొదట ఏ పువ్వు పొడి ఆ పువ్వుకే అద్దింది. అవన్నీ రాలాయి. తరువాత ఆమె పూల ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. సగం విచ్చిన పువ్వు లోపల తడిగా ఉంటుందని, అప్పుడు పొడి ఉండదని, పూర్తిగా విచ్చి పొడి రాలే వేళకు ఆ తడి ఆరిపోతుందని చూసి చూసి తెలుసుకుంది. వంటింట్లోకి వచ్చి అమ్మతో, "మొగుడూ పెండ్లాం ఒకే ఇంట్లో ఉండారుగానీ, ఆయప్ప లేచేపాటికి ఆయమ్మ పండుకుంటాంది," అంది. అమ్మ నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పెట్టింది. మగ్గం గదిలోంచి నాయన దగ్గు వినపడింది. ఆయన నవ్వొస్తే దగ్గేవాడు.

విచ్చిన పువ్వు పొడిని సగం విచ్చిన పువ్వులో అద్దడం మొదలయ్యాక మూడు పిందెలు నిలిచాయి. ఒకటి గాలికి పోయింది, ఒకటి నల్లబడింది. మిగిలిన ఒక్కటి చలికాలమంతా, ఒళ్ళంతా మెత్తటి ముళ్ళతో, కొమ్మకు వేలాడింది. మాగితే దానంతటది రాలి చితుకుతుందని జేజి దాని కింద పాత చీర కొంగుతో ఉయ్యాల కట్టింది. కోతకు రావాలంటే ముళ్ళు ఎడం కావాలి, రంగు కాస్త లేతబడాలి. ఉగాది దగ్గరపడుతోంది. కాయ గట్టిగానే ఉంది.

"ఏం జేజీ, బేల్దారికి కబురు పెట్టమంటావా?" అని అన్న రోజూ పొద్దున అడిగేవాడు. అందులో ఎకసెక్కెం కొంత, ఆశ కొంత. ముందే కోస్తే అది ఎప్పటికీ మాగదు. కోయకపోతే గడువు దాటుతుంది. నాగమ్మక్క కూడా కోసి పొట్టులో పెట్టమంది. జేజి కోయలేదు. ఉగాది ఇంకో రెండు దినాలుందనగా నొక్కి చూసి, తొడిమతో సహా కోసింది.

దాన్ని పెట్టడానికి చోటు లేదు. ఎండకు కాగిన ఆ ఇంట్లో వేరుశనగ పొట్టు చేతికే సెగ కొడుతోంది. అందులో పెడితే మాగేలోపల కుళ్ళుతుంది. ఇల్లు మొత్తానికీ చల్లటి చోటు ఒక్కటే, నాయన కాళ్ళు పెట్టుకుని తొక్కే మగ్గం గుంత. కానీ మగ్గం గదిలోకి తినే వస్తువు రాకూడదు. వస్తే ఎలుకలు వస్తాయి, ఎలుకలు వస్తే మగ్గానికి కట్టిన పడుగు పోగులు కొరుకుతాయి. నెలల పని పోతుంది. మేం బొరుగులు నములుతూ గడప దగ్గరికి వస్తేనే నాయన చేత్తో బయటకు చూపించేవాడు. అప్పుడు మగ్గం మీద పెళ్ళిచీర ఉంది. జేజి కాయను ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంది. నోరు తెరిచి అడగలేదు.

నాయన నేత ఆపి వచ్చాడు. "గుంతలో పెట్టు."

"ఎలుకలురా."

"నా కాళ్ళుంటాయి గదా ఆడ."

గుంత మూలన ఇసుక పోసి, కాయను పెట్టి, పైన ఇనుప జల్లెడ బోర్లించి దానిమీద రాయి పెట్టారు. నాయన తన పడక కూడా మగ్గం గదిలోకే మార్చుకున్నాడు. ఉగాది వచ్చింది, పోయింది. గడువు దాటిందని ఎవరూ అనలేదు. అన్న కూడా అనలేదు.

పండగ మరుసటి రోజు పొద్దున మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. మా ఇంట్లో ఆ చప్పుడు పోగు తెగితేనో, అన్నానికి పిలిస్తేనో ఆగేది. అందరం తలలెత్తాం. "అమ్మా," అన్నాడు నాయన లోపలినుంచి, "మాగినట్టుండాది."

జేజి కోసింది. లోపల తెల్లగా, దూదిలా పీచుపీచుగా ఉంది. నోట్లో పెట్టుకుంటే ముందు పులుపు, ఆ వెనక తీపి. నాయన తన ముక్క తిని, చెయ్యి మళ్ళీ చాపాడు. ఆయన ఇంకొంచెం కావాలని అడగడం నేను అంతకుముందు చూడలేదు. అన్న మెల్లగా తిన్నాడు, గింజలు కడిగి జేజి చేతిలో వేశాడు.

"ఎట్లుందిరా?" అంది జేజి.

"బాగుండాది. బాగుండాది కాబట్టే కోపమొస్తాండాది."

జేజి గింజలను కొంగున ముడి వేసుకుంది. కాసేపటికి, "నీ మగ్గం నీకు రావల్ల. కొట్టెయ్యండి. నేను చూసినా గదా," అంది. నిజంగానే అంది. ఆమె గొంతులో నాకు ఏ తేడా వినపడలేదు.

మరుసటి రోజు నాయన తాడు, ముగ్గుపిండి పట్టుకుని పెరట్లోకి పోయాడు. కొలిచాడు, చెరిపాడు, మళ్ళీ కొలిచాడు. మగ్గాన్ని అడ్డంగా కాక నిలువుగా తిప్పి, పడుగు కట్టే చివర గోడను లోపలికి వంచితే చెట్టు బయటే ఉంటుంది. అన్నను పిలిచి, గుంత వచ్చే చోట కూర్చోమని, చేతులు రెండువైపులా చాపమన్నాడు. "ఆడుతాండాయా చేతులు?" అన్నాడు. అన్న ఆడించి చూసి, "ఆడుతాండాయి నాయనా," అన్నాడు. అప్పుడే బేల్దారికి కబురు పోయింది.

"ఏమన్నా, ఇల్లు కట్టేది మనిషికా చెట్టుకా?" అన్నాడు బేల్దారి ఆ ముగ్గు గీత చూసి.

"రెండిటికీ. కట్టప్పా," అన్నాడు నాయన.

అన్న ఆ గదిలో చాలా ఏళ్ళు నేశాడు. మూల వంకర కాబట్టి పడుగు పొట్టిగా పట్టేది, మాటిమాటికీ కొత్త పడుగు అతికించుకోవాలి. విసుక్కునేవాడు. వానాకాలంలో మాత్రం మగ్గం మీద కూర్చునే ముందు పట్టుకుచ్చు పట్టుకుని చెట్టు దగ్గరికి పోయేవాడు. ఏటా నాలుగైదు కాయలు నిలిచేవి. జేజి చనిపోయిన సంవత్సరం చెట్టు ఏడు కాయలు కాసింది. తరువాత వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయి, బోర్లు అడుగంటాయి, చెట్టు నిలువునా ఎండింది. నాయన పోయాడు. అన్న ఇప్పుడు కరెంటు మగ్గాల షెడ్డులో పనిచేస్తున్నాడు.

ఇవాళ పొద్దున మళ్ళీ ఆ అంగడికి పోయి లక్ష్మణఫలం ఒకటి కొన్నాను. రుచిలో తేడా ఉందని రాస్తే అబద్ధమవుతుంది. మంచి పండే. సగం అన్నకు పంపాను. పోయిన నెల ధర్మవరం వెళ్ళినప్పుడు చూశాను, మా వీధిలో కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. జాగా అంతా యంత్రంతో చదును చేయించాకే ముగ్గు పోస్తున్నారు. చెట్టు ఉందని గోడను పక్కకు తిప్పి కట్టడం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.