మైకు ముందు మగ్దలేనమ్మ

ముసునూరు చుట్టుపక్కల మగ్దలేనమ్మ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆదివారం చర్చిలో, ముహూర్తాలప్పుడు పెళ్ళిళ్ళలో, ఎన్నికలొస్తే ఏ పార్టీ పిలిచినా ప్రచార బండి మీద పాడేది. భర్త పాల్ రాజు కీబోర్డు వాయించేవాడు. "పాటే మనది, మాట వాళ్ళది. మనకెందుకే?" అనేవాడు. ఆమె కూడా అంతే అనుకునేది, పార్వతి పోయేదాకా.

పార్వతి పక్కింటామె. పాటలు లేని రోజుల్లో ఇద్దరూ కలిసి మామిడి కోతకు వెళ్ళేవారు. ఆ రోజు ఇద్దరూ కాయల లోడు మీద కూర్చున్నాక, లారీ బయల్దేరేముందు డ్రైవరు రాజేష్, "బ్రేకు సరిగ్గా పడట్లేదండీ" అన్నాడు. తోటా, లారీ రెండూ కోటేశ్వరరావువే. మండలంలో అధికార పార్టీకి ఆయనే పెద్ద. "నూజివీడు దాకానేగా, మెల్లగా పో" అన్నాడాయన. మలుపులో లారీ బోల్తా పడింది. మగ్దలేనమ్మ పొలంలోకి ఎగిరిపడి బతికింది. పార్వతి కాయల కింద ఉండిపోయింది. కేసు మాత్రం రాజేష్ మీద పడింది.

నెల తిరక్కుండానే నూజివీడులో పార్టీ సభ. స్వాగత గీతానికి పిలిచారు. మగ్దలేనమ్మ పాట ఎత్తుకోలేదు.

"పార్వతిని చంపింది బ్రేకుల్లేని లారీ అండీ. పంపినాయన ఈ స్టేజీ మీదే కూర్చున్నారు."

మైకు ఆపేశారు. పాల్ రాజు తలెత్తకుండా కీబోర్డు వైరు చుట్టసాగాడు.

ఆ తర్వాత పెళ్ళి పిలుపులు ఆగిపోయాయి. చర్చి సంఘ పెద్దలు కొన్నాళ్ళు క్వయర్‌లోకి రావద్దన్నారు. అన్నీ ఓర్చుకుంది. స్టేషనుకు వెళ్ళి సాక్ష్యం చెబుతాననే అంది.

వెళ్ళే ముందురోజు సాయంత్రం పార్వతి భర్త గంగరాజు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కోటేశ్వరరావు గారు మా నవ్యకి మార్కెట్ యార్డులో ఉద్యోగం ఇప్పిస్తానన్నారక్కా. వద్దన్నా వినకుండా పార్వతే లోడెక్కిందని రాసిచ్చాను."

"అబద్ధం కదా తమ్ముడూ!"

"అబద్ధమే. పోయిన మనిషి రాదు, పిల్ల బతకాలిగా. నువ్వు చెప్పబాకక్కా, నీకు దణ్ణం పెడతాను."

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. తెల్లారి వెళ్ళి, తోట దగ్గర విన్నది విన్నట్టే చెప్పింది. ఎస్సై రాసుకున్నాడు. "ఆమె మొగుడే ఇంకోలా చెప్పాడమ్మా" అని కాగితం పక్కన పెట్టాడు. రాజేష్ జైలుకు వెళ్ళాడు.

పాల్ రాజు ఇప్పుడు వేరే గాయనితో ప్రచారాలకు వెళ్తున్నాడు. మగ్దలేనమ్మ మామిడి షెడ్డులో కాయలు ఏరుతోంది. యార్డుకు వెళ్తూ ఎదురుపడితే నవ్య తల తిప్పుకుంటుంది.

"అన్నం తిన్నావా అమ్మా?" అని మగ్దలేనమ్మే అడుగుతుంది. నవ్య నడక ఆపదు.