పుస్తకంలో లేని సాల్వియా

నిఘంటువు ఆఫీసులో ఆయన్ని అందరూ కార్డులాయన అనేవారు. ఇరవై ఆరేళ్లుగా ఒకటే పని: ఏ మాట ఎక్కడ పుట్టింది, ఏ దారిన ఎవరి నోట్లోకి పోయింది అని అట్టముక్కల మీద రాయడం. పైన మాట, కింద పుస్తకం పేరూ సంవత్సరమూ. పుస్తకం లేకపోతే కార్డు లేదు. ఈ నియమం పెట్టింది ఎవరో గానీ, దాన్ని పట్టుకుని వేలాడింది మాత్రం ఈయనే.

ఆ ఏడు ఆయన చేతికి సాల్వియా అన్న మాట వచ్చింది. బూడిదరంగు ఆకుల చిన్న మొక్క. ఒళ్లు బాగుచేస్తుందని లాటిన్ వాళ్లు పెట్టిన పేరు. వైద్యుల వెంట, మఠాల తోటల వెంట తిరిగి తిరిగి ఫ్రెంచివాళ్ల నోట సోజ్ అయింది, ఇంగ్లీషువాళ్ల నోట సేజ్ అయింది. ఈ కథంతా ఆయన భోజనాల బల్ల దగ్గర చెబుతుంటే, ఆయన్ని పెంచి చదివించిన మేనత్త నవ్వింది.

"మా అత్తారి కొండ ఊళ్లో దాన్ని ఇంకోలా అనేవాళ్లంరా. చెబుతా, రాసుకో."

"ఏ పుస్తకంలో ఉందత్తా?"

"పుస్తకంలో ఎందుకుంటుంది, నోట్లో ఉంటుంది గానీ."

"అయితే ఆఫీసులో చెల్లదు."

"సరేలే, పెరటి చెట్టు మందుకు పనికిరాదు," అంటూ ఆవిడ గిన్నెలు తీసుకుని లేచిపోయింది. పోనీ, ఆ మాటేమిటని కూడా ఆయన అడగలేదు. అడిగితే నోరు అరిగిపోతుందా?

మూడు నెలలకు సంపాదకుడు పిలిచాడు. "సాల్వియా అన్న మాట కొండలు దాటిన దారిలో ఒక మెట్టు దొరకడం లేదండీ. ఈ ఒక్కదానికీ నోటిమాటైనా వేసేద్దాం. ఆ కొండ ఊళ్లు ఎప్పుడో ఖాళీ అయిపోయాయి. అక్కడివాళ్లు ఎవరైనా మీకు తెలుసా?"

తెలియకేం. అంతకు వారం ముందే మేనత్తకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

సాల్వియా ఆకులు పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆవిడ ఎడంచేత్తో ఒక ఆకు నలిపి వాసన చూసింది. మొహం విప్పారింది. పెదాలు కదిలాయి గానీ, "ఊ... ఊ..." తప్ప ఏమీ రాలేదు.

"ఇప్పుడు చెల్లుతుందత్తా. చెప్పత్తా."

నుదుటికి చెమట పట్టేదాకా ప్రయత్నించింది పాపం. అప్పుడీ మహానుభావుడు చేసిన పని వినండి. కార్డూ పెన్సిలూ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. జన్మలో ఒక్క అక్షరం రాయడం రాని మనిషి చేతిలో.

ఆవిడ కాసేపు పెన్సిలు వంక చూసి, దాన్ని జాగ్రత్తగా ఆయన చొక్కా జేబులో పెట్టి, పైన రెండుసార్లు తట్టింది. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు కూడా అలాగే తట్టేది. ఆయన సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.