వెనక చక్రం మీది సీటు

అక్కచెల్లెళ్లారా, అందరూ కులాసానే కదా? ఇంట్లో పెద్దవాళ్లకు దగ్గు తగ్గిందా? పసిపిల్లలకు జ్వరాలేమీ లేవు కదా? కనుమ దారిలో బండి తోలే మగవాళ్లుంటే పొద్దుగూకేలోపు ఇల్లు చేరుతున్నారా? ఈ చివరి మాట అడగకుండా ఉండలేను. నా కొడుకు చిత్తూరు నుంచి పలమనేరుకు బస్సు తోలుతాడు.

పోయిన నెలలో వాడు వేళగాని వేళ వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"అమ్మా, చిన్నాయన పోయినాడు."

వాడి చిన్నాయన నాకు మరిది. చిత్తూరులో అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే మేస్త్రి.

"బస్సులోనా?" అన్నాను.

"లేదమ్మా, ఇంట్లోనే. అన్నం తిని పండుకున్నోడు లెయ్యలేదు."

ఏడుపుకన్నా ముందు నాకు ఊపిరి వచ్చింది. ఎందుకో చెబుతాను.

యుద్ధం రోజుల్లో కొత్త టైరు కంటికి కనబడేది కాదు. పెట్రోలూ దొరకక బస్సులు వెనక బొగ్గుల పొయ్యి కట్టుకొని, అరిగిన టైర్ల మీదే కనుమ ఎక్కేవి. ఆ టైర్లన్నీ మా మరిది కొట్టుకే వచ్చేవి. టైరును రెండు చేతులా విడదీసి, కుండలో చూసినట్టు లోపలికి తల పెట్టి చూసేవాడు. లోపలి గుడ్డ గట్టిగా ఉంటేనే పనికి ఒప్పుకునేవాడు. పైన అరిగిన రబ్బరును ఆకురాయితో గీకి, జిగురు పూసి, కొత్త రబ్బరు చుట్టి, ఇనుప అచ్చులో పెట్టి ఆవిరికి ఉడికించేవాడు.

"ఉడికిందో లేదో, ఇడ్లీకి గుచ్చినట్టు పుల్ల గుచ్చి చూడరాదా?" అన్నాను ఒకనాడు.

"గుచ్చితే నీ కొడుకు నడిదోవలో దిగి నడిసొస్తాడు వదినా!"

ఇంకోనాడు ఒక బస్సు ఓనరు తెచ్చిన టైరును పక్కకు దొర్లించేశాడు. "లోపల ఎముక ఇరిగిండాదప్పా. పుత్తూరుకు ఎత్తకపో, ఆడ ఇరిగిన ఎముకలకు కట్టు కడతారు గదా, దీనికీ కడతారేమో సూడు" అన్నాడు.

"కొత్తది యాడ దొరుకుతాదబ్బా? బండి నిలబడితే నా గతేంది?"

"బండి నిలబడితే మళ్లా లేస్తాది. లోయలో పడితే లేస్తాదా?"

నేను భయపడేదాన్నని తెలిసే కాబోలు, ఒక అలవాటు పెట్టుకున్నాడు. తాను రబ్బరు వేసిన టైరు మా వాడి బస్సుకు ఎక్కిస్తే, మొదటి ట్రిప్పులో తానూ ఎక్కేవాడు. ఎగిరెగిరి పడతామని ఎవరూ కూర్చోని సీటు, సరిగ్గా ఆ వెనక చక్రం మీదిది, ఆయనది. చక్రం అదురు తెలిసేట్టు అరచెయ్యి సీటు కింది పలకకు ఆనించి కూర్చునేవాడట. పలమనేరులో దిగి, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చేతి వెనకతో టైరును తాకేవాడట. కొత్త రబ్బరు పట్టు వదిలితే టైరు వేడెక్కుతుందట. తిరిగి వచ్చి మా గుమ్మంలో నిలబడి, "సల్లగుండాది, పోయి అన్నం తిను వదినా" అనేవాడు. ఆ మాట వినేదాకా నాకు ముద్ద దిగేది కాదు. మా వాడి ప్రాణంతోపాటు ఆయన ప్రాణమూ ఆ చక్రం మీదే ఉందని ఇంకో దిగులు. అందుకే "ఇంట్లోనే" అన్న మాట నన్ను బతికించింది.

కర్మలయ్యాక ఆయన భార్య, నా తోడికోడలు, పలమనేరులో కూతురి దగ్గరికి వెళ్లింది. మొన్న మా వాడు చెప్పాడు, చిన్నాయన చివరగా చేసిన టైరు త్వరలో తన బస్సుకు ఎక్కిస్తారని.

"లోపల సూసింది, ఉడికించి దించింది అంతా చిన్నాయనే. ఎక్కి సూసేదొక్కటే మిగిలిండాది" అన్నాడు.

"అయితే నేనెక్కుతా."

"నువ్వా? కనుమ పేరు సెప్తేనే కండ్లు మూసుకుంటావు గదమ్మా!"

నిజమే, ఇన్నేళ్లలో వాడి బస్సు నేను ఎక్కిందే లేదు. అయినా ఆ టైరులోకి తల పెట్టి చూసింది ఎవరో నాకు తెలుసు. చెబితే నవ్వుతారు, రెండు రాత్రులుగా నిద్ర బాగా పడుతోంది.

ఆ సీటు ఎవరికీ ఇవ్వొద్దన్నాను. అరచెయ్యి సీటు కింది పలకకు ఆనించి కూర్చుంటాను. పలమనేరులో దిగి, టైరుకు జ్వరం చూసి, చల్లగా ఉందన్న మాట నా తోడికోడలికి నేనే చెబుతాను. వచ్చే శుక్రవారం, పొద్దుటి బస్సుకు.