జయానందం మామ రెండో సాక్ష్యం

మా జయానందం మామ జనవాడ నుంచి బీదర్ దాకా ఆటో నడుపుతాడు. ఎక్కినవాళ్లు దిగేలోపు వాళ్ల ఇంటి సంగతులన్నీ రాబట్టి, తనవీ చెప్పేస్తాడు. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చిందంటే ముందు లేచేది ఆయనే. తప్పిపోయిన మేక దొరికినా సాక్ష్యమే, టైరు పంక్చరు కాకుండా ఇల్లు చేరినా సాక్ష్యమే. ఆయన లేవగానే పాస్టరు గిద్యోను అయ్యగారు ప్రసంగం కాస్త కుదించుకుంటారు.

రెండేళ్ల కిందట సర్కారు దవాఖానలో మామకు బీపీ ఉందని తేలింది. మాత్రలు ఊరికే ఇచ్చారు. కొన్నాళ్లు మింగేసరికి బీపీ దిగింది, తల తిరగడం తగ్గింది. ఇంకొకరైతే ఇంట్లో కూర్చుని సంతోషపడేవారు. మామ మాత్రం ఆదివారం లేచి, "దేవుడు నా బీపీ తీసేసిండు" అని చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చిక్కు అక్కడే వచ్చింది. రోగం పోయిందని చెప్పి మాత్ర మింగితే సాక్ష్యం అబద్ధమైపోదూ? మామ మాట మీద నిలబడే మనిషి. మాత్రలు మానేశాడు. బీపీ కూడా భలే దొంగది, నొప్పీ లేదు, జ్వరమూ లేదు. కమలాబాయి అత్త అడిగినప్పుడల్లా, "నేను మంచిగనే ఉన్న గదా" అనేవాడు.

ఈ వానాకాలం ఆయన కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. అత్త దవాఖానకు లాక్కెళ్లింది. రక్తం పరీక్ష చూసి డాక్టరు ఉన్నమాట చెప్పాడు. బీపీ లోలోపలే కిడ్నీలను సగానికి పైగా పాడు చేసింది. పోయింది తిరిగి రాదు. మాత్రలు మానకుండా, ఉప్పు తగ్గించుకుంటే మిగిలింది చాలాకాలం కాపాడుకోవచ్చు. లేదంటే మిషను మీద రక్తం కడిగించుకుంటూ బతకాలి.

ఇంటికొచ్చి మామ మాత్రలు ముందేసుకుని కూర్చున్నాడు. "చర్చిల ఎవరన్న చూస్తే ఏమంటరు?"

"నువ్వు పోతే వాళ్లే వచ్చి పెట్టె మోస్తరు. అప్పుడేం సాక్ష్యం చెప్తవ్?" అంది అత్త. మా అత్తకు మెత్తగా మాట్లాడడం రాదు. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

ఆ రోజు నుంచి మామ చాటుగా మింగుతూ వచ్చాడు. అలాగే గడిచిపోయేదేమో గానీ, ఒకరోజు మా చర్చిలో పాటలు పాడే కెజియా ఆయన ఆటో ఎక్కింది.

"మామా, నీ సాక్ష్యం ఇన్నకాంచి నేను గూడ బీపీ గోలీలు బంద్ జేసిన. నాకు గూడ ఏం గాలే" అంది నవ్వుతూ.

మామ అక్కడే బ్రేకు వేశాడు. ఆటో తిప్పి నేరుగా దవాఖానకు పోనిచ్చాడు. ఆమె బీపీ బాగా ఎక్కి ఉంది. అదృష్టం, కిడ్నీలు ఇంకా బాగానే ఉన్నాయి. ఆ మాట విని మామ అక్కడి బల్ల మీద కూర్చుని ఏడ్చేశాడు.

ఆదివారం మళ్లీ లేచాడు. "దేవుడు నా బీపీ తియ్యలే. గోలీలు ఇచ్చిండు. అవి నేనే పక్కకు వెట్టి గొప్పలు చెప్పుకున్న. నా కిడ్నీలు సగం పోయినయ్. నా మాట ఇని ఎవరన్న గోలీలు బంద్ జేసిన్రా? ఉంటే రేపు పొద్దుగాల నా ఆటో ఎక్కుండ్రి. కిరాయి వద్దు." జేబులోంచి మాత్ర తీసి అందరి ముందే నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు. చివరికి పాస్టరు అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"జయానందం, నాకు గూడ జర జాగ ఉంచు."