తాళాలత్త కోడలు

మా మరదలు టీవీలో వంటల పోటీకి వెళ్ళి వచ్చిన మనిషి. వచ్చి ఏడాది దాటిపోయినా ఆ పోటీ ఒక్క రోజు కూడా వదలకుండా చూస్తుంది. అయితే కూర్చుని చూడదు. మా అమ్మ టీవీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటే, ఈమె వెనకాల బల్ల దగ్గర నిలబడి బట్టలు ఇస్త్రీ చేస్తూ చూస్తుంది. ఆ ఇంట్లో అన్ని బట్టలు ఎక్కడివని అడగకండి. మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. గ్రీజు మరకలు పోని చొక్కాలకు కూడా ఇప్పుడు మడతలు కత్తిలా ఉంటున్నాయి.

మరదలు బట్టల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటమనిషి. చేతిలో మంచి రుచి ఉంది, కాదనను. కానీ పెళ్ళయి వచ్చిన కొత్తలో గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. ఇది ఆడబిడ్డ నోటితో అంటున్న మాట కాదు, తనే చెబుతుంది. నేర్పిందంతా మా అమ్మ. అమ్మకి కిటికీ పక్కన కుట్టుమిషను ఉంది. వీధిలో వాళ్ళకు జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొడుగు తగ్గించడం ఆమె పని. కాలు పెడల్ మీద ఉన్నా ముక్కు మాత్రం వంటింట్లోనే ఉండేది. "అమ్మాయ్, ఉల్లిపాయ మాడుతోంది, మంట తగ్గించు" అని మిషను దగ్గర్నుంచే కేకేసేది. మరదలు ఏ చేపల సూపు చేసి ఆ పోటీకి ఎంపికైందో, ఆ సూపు అమ్మదే.

అక్కడికి వెళ్ళాక తెలిసిందట, వంట ఒక్కటే సరిపోదని. చెవికి మైకు తగిలించుకున్న ఒక పిల్ల పోటీదారులందరి దగ్గరా తిరిగి వాళ్ళ కష్టాలు రాబట్టేది. ఒకతని ఇల్లు కాలిపోయింది. ఒకావిడ భర్త పోయాడు. మా మరదలి వంతు వచ్చింది.

"మీ కష్టమేంటండీ?"

"నాకేం కష్టాల్లేవండీ."

ఆ పిల్ల ముఖం చిన్నబోయిందట. "కష్టం లేకపోతే జనం ఓట్లెయ్యరండీ. మీ ఇష్టం. అత్తగారున్నారు కదా, ఎప్పుడూ ఏమీ అనలేదా? ఒక్కటైనా గుర్తు చేసుకోండి."

మా మరదలు గుర్తు చేసుకుంది. ఏం గుర్తు చేసుకుందో తర్వాత నా ముందు కూర్చుని చెప్పింది కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తనకి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కుట్లు ఆరకముందే లేచి గిన్నెలు తోముతానని మొండికేసేది. ఎంత చెప్పినా వినకపోతే అమ్మ వంటింటికి తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకుంది. వేళకి పళ్ళెం మంచం దగ్గరికి తెచ్చి, పక్కన కూర్చుని తినిపించేది. ఇదీ ఆ తాళం కథ. కెమెరా ముందు మరదలి నోట్లోంచి వచ్చింది మాత్రం మొదటి ముక్కే: "మా అత్తయ్య వంటింటికి తాళం వేసేవారు."

ఎందుకమ్మా అని న్యాయనిర్ణేత గరిటె కింద పెట్టి మరీ అడిగాడు. అంత పెద్దమనిషి అంత జాలిగా అడిగేసరికి ఈమెకి ఏడుపొచ్చేసింది. "నా వంట పశువులు కూడా ముట్టవనేవారు" అంది. అదీ జరిగిందే. జావ అడుగంటిన రోజు అమ్మ ఆ మాటని నవ్వి, గిన్నెడూ తనే తిని, కోడలికి వేరే చేసి పెట్టింది. ఆ రెండో సగం మళ్ళీ మింగేసింది. సరే, అక్కడితో ఆగిందా? "ఆకలేస్తే నీళ్ళు తాగి పడుకునేదాన్ని" అని ఇంకోటి కలిపింది. ఇది మాత్రం పచ్చి అబద్ధం. ఎలా వచ్చిందే నీ నోటికి అంటే, "నాకే తెలీదు వదినా, అందరూ ఏడుస్తుంటే వచ్చేసింది" అంటుంది.

అది ప్రసారమైన సాయంత్రం వీధి వీధంతా మా అమ్మ ముందుగదిలోనే ఉంది. అమ్మే పిలిచింది. కోడలు టీవీలో వస్తోందని పొద్దున్నుంచీ కాలు నిలవలేదు ఆవిడకి. కుర్చీలు చాలకపోతే మిషను స్టూలు కూడా తెచ్చి వేసింది. బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని అందరికీ అందిస్తూ ఉండగా టీవీలో ఆ నీళ్ళ మాట వచ్చింది. అందరూ పళ్ళెంలోకి చూస్తున్నారు గానీ అమ్మ ముఖంలోకి చూసినవాళ్ళు లేరు. మందుల షాపాయన భార్య తీసుకున్న బిస్కెట్ తిరిగి పళ్ళెంలో పెట్టేసింది. అమ్మ "టీ పెట్టుకొస్తా, ఎవరూ వెళ్ళకండి" అని లోపలికి వెళ్ళింది. మరదలు గోడకి ఆనుకుని తల దించుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అందరూ వెళ్ళాక కడిగి పారేశాను. "నీళ్ళు తాగి పడుకున్నావా? మా అమ్మ నీ నోటికి ముద్దలందిస్తే తిన్నావు కదే! ఓట్ల కోసం ఆవిడ కొంప ముంచుతావా?"

"పొరపాటైపోయింది వదినా."

"నాతో అంటే ఏం లాభం? వెళ్ళి ఆవిడతో అను."

"ఏ ముఖం పెట్టుకుని అనమంటారు?"

అనలేదు. అమ్మా అడగలేదు. ఇంతా చేసి మా మహాతల్లి తర్వాతి వారమే చేప ఎక్కువ ఉడకబెట్టి ఇంటికొచ్చేసింది. పేరు మాత్రం అమ్మకి మిగిలింది. వీధి పిల్లలు తాళాలత్త అని పిలవడం మొదలెట్టారు. కిటికీ దగ్గర నిలబడి గంటలు గంటలు కబుర్లు చెప్పే ఆడవాళ్ళు బట్ట చేతిలో పెట్టి, కొలత చెప్పి, పని ఉందంటూ వెళ్ళిపోయేవారు. ఒకావిడైతే కూతురికి పెళ్ళి కుదిరిందని కుట్టడానికిచ్చిన బట్టలు కుట్టకముందే వెనక్కి తీసుకెళ్ళింది. అమ్మ వాటిని శుభ్రంగా మడిచి, సంచిలో పెట్టి ఇచ్చింది. నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. అక్కడికొచ్చినవాళ్ళు కూడా అద్దం పెట్టుకుని చూస్తూ, "మీరు ఆవిడ కూతురే కదూ?" అనేవారు. కళ్ళద్దాలు బిగుతుగా ఉన్నాయా అని అడిగేదాన్ని.

ఇంతలో కొత్త సీజన్ మొదలైంది. అమ్మకి ఆ పోటీ అంటే ఇప్పటికీ ప్రాణమే. "పెనం వేడెక్కనే లేదు, అప్పుడే చేప వేసేశాడు, అయిపోయాడు వీడు" అని ముందే తీర్పు చెప్పేస్తుంది. చాలాసార్లు అదే నిజమవుతుంది. మరదలు వెనకనుంచి "అవును అత్తయ్యా, అంటుకుపోతుంది" అంటుంది. ఇద్దరూ అలా పోటీలో మునిగిపోయి ఉంటారా, మధ్యలో ప్రకటనల ముందు రోజూ ఒక ముక్క వేసేవారు: గత సీజన్‌లో మనల్ని కంటతడి పెట్టించిన క్షణాలు. పసుపు ఏప్రన్‌లో మా మరదలు, తాళం, నీళ్ళు. అది రాగానే ఈమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మంచినీళ్ళకి వెళ్ళేది. తిరిగి రాగానే అమ్మ తల తిప్పకుండానే, "నువ్వెళ్ళావు గానీ అమ్మాయ్, వాడి కేకు కూలిపోయింది" అని జరిగింది చెప్పేది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదని మరదలు నా దగ్గర ఏడ్చేది. నాకూ అలాగే అనిపించేది.

అప్పుడు వచ్చింది ఫోను. చెవి మైకు పిల్లే. కుటుంబాల ప్రత్యేక కార్యక్రమం చేస్తున్నారట, అత్తాకోడళ్ళిద్దరూ రావాలట. వేదిక మీద అత్తగారు కోడలికి వంటింటి తాళంచెవి ఇచ్చి క్షమాపణ అడగాలట. జనం చచ్చేంత ఇష్టపడతారట. మరదలు ఫోను చేత్తో మూసి పట్టుకుని నీళ్ళు నమిలింది. అమ్మ విననే విన్నది.

"వస్తామని చెప్పు. నిన్ను మళ్ళీ పోటీలోకి తీసుకుంటారేమో."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు బుద్ధుందా అమ్మా? చెయ్యని తప్పుకి ఊరందరి ముందూ క్షమాపణ అడుగుతావా?"

"ఊళ్ళో ఎలాగూ అనుకుంటున్నారు కదే. ఒక్కసారి అడిగేస్తే మర్చిపోతారు."

ఆవిడ లెక్క అది. ఇక రాత్రీ పగలూ మిషను తొక్కుతూ సాధన మొదలెట్టింది. "నన్ను క్షమించమ్మా." మళ్ళీ గొంతు సవరించుకుని, "నన్ను క్షమించు తల్లీ." ఆఖరికి కోడలివైపే తిరిగి, "అమ్మాయ్, నీకు ఆ టీవీ పద్ధతులు తెలుసు కదా. గట్టిగా అనాలా, మెల్లగా అనాలా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. మరదలి చేతిలో ఇస్త్రీపెట్టె తమ్ముడి చొక్కా మీద అలాగే ఉండిపోయింది. వాసన వచ్చాక గానీ మేమెవరం చూడలేదు.

రికార్డింగ్‌కి నేనూ తోడు వెళ్ళాను. టీవీలో మెరిసిపోయే ఆ వంటిల్లు దగ్గరికెళ్ళి చూస్తే అట్టముక్కలు, రంగు. కుళాయి తిప్పితే నీళ్ళు రావు. అమ్మ తనే కుట్టుకున్న కొత్త బట్టల్లో బిగుసుకుపోయి నిలబడింది. మూరెడు పొడుగున్న ఇత్తడి తాళంచెవి ఒకటి పళ్ళెంలో పెట్టి తెచ్చారు. అమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి, నోరు తెరిచింది. అంతే, మరదలు గభాలున చెయ్యి పట్టుకుంది.

"అనొద్దు అత్తయ్యా!"

ఇక ఆగలేదు. మైకు దగ్గరికి లాక్కుని మొత్తం చెప్పేసింది. ఆపరేషను, కుట్లు, తాళం ఎందుకు వేసిందో, జావ ఎవరు తిన్నారో. "నీళ్ళు తాగి పడుకున్నానన్నది అబద్ధం. ఆవిడ తినిపించకపోతే నేను బతికేదాన్ని కాదు. నాకు వంట నేర్పింది ఈవిడ. ఈవిడ పేరు చెడగొట్టి ఓట్లు అడుక్కున్నాను. నన్ను క్షమించండి అత్తయ్యా" అని అమ్మ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. అన్ని నెలల్లో అమ్మ ఏడవడం నేను అప్పుడే చూశాను. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా ముక్కు చీదుకుంటూ. చెవి మైకు పిల్ల పరిగెత్తుకొచ్చి, "భలే వచ్చిందండీ, భలే వచ్చింది" అంది.

ప్రసారమయ్యే రోజు ఈసారి పిలుపులకి మరదలే బయల్దేరింది. ఒక్క గడప వదల్లేదు. "తప్పకుండా రావాలి, మీరు రాకపోతే ఒప్పుకోను" అని మరీ పిలిచింది. అమ్మ మళ్ళీ బిస్కెట్లు సర్దింది. ముందుగది నిండిపోయింది. ఆ రోజు మరదలు ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళలేదు, అమ్మ కుర్చీ పక్కనే కింద కూర్చుంది.

టీవీలో అమ్మ తాళంచెవి ఎత్తింది. మరదలు చెయ్యి పట్టుకుని "అనొద్దు అత్తయ్యా!" అంది. తర్వాత అమ్మ ఏడుస్తోంది. తర్వాత ఇద్దరూ కావలించుకున్నారు. సంగీతం. చప్పట్లు. మధ్యలో ఉండాల్సిందంతా కోసేశారు. అడుగున అక్షరాలు పడ్డాయి: కరిగిన అత్త మనసు, పెద్ద మనసు చేసుకున్న కోడలు.

మా గదిలో కూడా చప్పట్లు మోగాయి. మందుల షాపాయన భార్య కళ్ళు తుడుచుకుంటూ అమ్మవైపు తిరిగి, "పోనీలెండి, ఇప్పటికైనా తెలుసుకున్నారు. ఇకనైనా పిల్లని బాగా చూసుకోండి" అంది.

మరదలు దిగ్గున లేచింది. "అది కాదండీ! కోసేశారు. నేను అంతా చెప్పాను. తప్పు నాది. అత్తయ్య నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు!"

"ఎంత మంచి మనసమ్మా నీది! ఇంకా ఆవిడనే వెనకేసుకొస్తున్నావు."

"ఒట్టండీ, నిజం..."

"నువ్వు బంగారానివి తల్లీ" అని బుగ్గలు నిమిరి వెళ్ళిపోయారు. నేను అరిచాను, నేను విన్నాను, నేనక్కడే ఉన్నాను అని. కన్నకూతురు కదా, అలాగే అంటుంది అన్నట్టు చూశారు.

మర్నాటి నుంచి మరదలు గడప గడపా తిరిగింది. ఫ్యాక్టరీలో గంజి వడ్డిస్తూ వరసలో నిలబడ్డ ప్రతి మనిషికీ చెప్పింది. చెప్పిన చోటల్లా అదే జవాబు. ఎంత గట్టిగా చెబితే కోడలు అంత మంచిదైంది, అత్త అంత గయ్యాళిదైంది. బెదిరించి చెప్పిస్తోందని కూడా ఎవరో అన్నారు. అది అమ్మ చెవిన పడింది. ఆ సాయంత్రం మరదలు మళ్ళీ చెప్పులు వేసుకుంటుంటే అమ్మ మిషను ఆపింది.

"ఇక చాలమ్మాయ్. నువ్వు చెప్పే కొద్దీ నేను చెడ్డదాన్నవుతున్నాను. నోరు మూసుకుని ఇంట్లో కూర్చో."

మరదలు చెప్పులు విప్పేసింది.

ఇప్పుడు వీధిలో ఆమెకి ఎక్కడలేని గౌరవం. ఎదురైనవాళ్ళంతా కోడలంటే నీలా ఉండాలమ్మా అంటారు. ఆమె తల దించుకుని గబగబా నడిచిపోతుంది. ఎంత అణకువో చూడండని దానికీ మెచ్చుకుంటారు. అలాంటి రోజున నేరుగా మా ఇంటికొస్తుంది. గుమ్మంలో కూలబడి, "కాస్త తిట్టండి వదినా" అంటుంది. నాకేం, నోరుంది, తిట్టేదాన్ని. తిట్టించుకుని, టీ తాగి, కాస్త తేలిక పడి వెళ్ళేది.

మొన్న వచ్చినప్పుడు చూశాను, మనిషి సగమైపోయింది. ఎంత వెతుక్కున్నా నా నోటికి ఒక్క తిట్టూ రాలేదు. "పోనీలేవే, అయిందేదో అయింది, లే" అన్నాను.

ఆమె భయంగా నా ముఖంలోకి చూసింది.

"మీరు కూడా మానేస్తే ఎలా వదినా?" అంది.