పదిహేడో నంబరు ప్లేట్లు

ల్యాబులో ఆవిణ్ణి అందరూ వంటావిడ అనేవాళ్ళు. అక్కడ పొయ్యీ లేదు, గరిటే లేదు. ఆవిడ పని కణాలకి తిండి పెట్టడం. మనిషి చర్మంలోంచి చిటికెడు ముక్క తీసి, అందులోని కణాలని మళ్ళీ పసితనానికి మళ్ళించి, అక్కణ్ణించి మెదడు కణాలుగా పెంచుతారు. కడుపులో బిడ్డ మెదడు ఎదిగేటప్పుడు ఎక్కడ దారి తప్పుతుందో చూడ్డానికి. చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది, చాకిరీ మాత్రం వంటావిడదే. వాటి తిండి ఎర్రనీళ్ళు. పాతవి తీసెయ్యాలి, కొత్తవి పొయ్యాలి. ఆదివారమని లేదు, జ్వరమని లేదు. ఒక్కరోజు మానితే అలిగి చచ్చే రకం అవి.

కణాలు పెరిగే ప్లేట్ల మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరి బిడ్డవో తెలియకూడదని నియమం. పదిహేడు ఎవరో ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది? సొంత అక్క కొడుకు. ఆరేళ్ళూ ఫిట్స్‌తోనే గడిపి, అమ్మా అని ఒక్కసారైనా అనకుండానే పోయాడు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో అక్క బెంచీ మీద కూలబడి ఉంటే, డాక్టర్లు మెల్లగా తప్పుకున్నారు. "వాడు లేడక్కా" అని చెప్పాల్సింది ఈవిడే అయింది. అంతకు నెల ముందు ఇచ్చిన చర్మం ముక్క మాత్రం ల్యాబులో బతికే ఉంది.

అప్పట్నుంచి ఎనిమిది నెలలుగా రోజూ ఒంటిగంటకి అక్క ఫోను.

"వాడికి పెట్టావా?"

"పెట్టానక్కా."

"సరే, అయితే నేనూ తింటా."

వాడు కాదక్కా, వాడి చర్మం, అని ఒకసారి చెప్పబోయింది. "నాకు తెలీదేంటే? నేనేమన్నా వెర్రిదాన్నా? పెట్టు, అంతే!" అని కసిరింది అక్క. ఆ మాట వింటేనే అక్క అన్నం ముందు కూర్చునేది. ఇంక నోరు మూసుకుని పెట్టడమే.

మిగతా పిల్లల కణాలు కొన్ని గడ్డకట్టించి దాచి ఉన్నాయి. పదిహేడు మొదట్నుంచీ మొండిఘటం. గడ్డకట్టించిన ప్రతిసారీ తిరిగి లేవలేదు. ఉన్నవల్లా రెండే రెండు ప్లేట్లు.

సోమవారం పొద్దున మైక్రోస్కోపులో మొదటి ప్లేటు చూస్తే ఓ మూల సన్నటి పోగు. బూజు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో కొత్తవాళ్ళకి నేర్పేదే ఆవిడ. ఆలోచించకు, బ్లీచు పోసి పారెయ్, ల్యాబు పెద్ద మేడమ్‌కి చెప్పు, ఒకటి పోయినా పక్కది దక్కుతుంది. నిరుడు ఒకమ్మాయి తటపటాయిస్తుంటే "ముద్దు చెయ్యకు తల్లీ, ఇది పిల్లల బడి కాదు" అని దులిపేసింది కూడా.

బ్లీచు సీసా అందుకుంది. చేతులు రాలేదు, అంతే! ఇరవయ్యేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో గానీ, బూజు మందు నాలుగు చుక్కలు వేసి, మూతపెట్టి, కణాలు పెంచే వెచ్చటి పెట్టెలో పై అరలో వెనక్కి తోసింది. రెండోది కింది అరలో శుభ్రంగానే ఉంది. ఒంటిగంటకి "పెట్టానక్కా" అంది.

ఆ పెట్టెలో గాలి ఆగకుండా తిరుగుతుంది, ఒకదాని బూజు అన్నిటికీ అంటిస్తుంది. ఆ సంగతీ ఆవిడకి తెలుసు. గురువారం తలుపు తీసేసరికి పై ప్లేటు నిండా తెల్లటి నూగు. కింద పదిహేడు రెండో ప్లేటులోనూ పోగులు. పక్కన మరో పదకొండు మంది పిల్లలవి, మూడు నెలలు పెంచినవి. వాటిల్లోనూ అదే.

మేడమ్ ఒక్కొక్కటీ చూసింది. "మొదట ఎప్పుడు చూశావు?"

"సోమవారం."

మేడమ్ అరవలేదు. అరిచినా బాగుండేది. "మిగతావి మళ్ళీ మొదలుపెట్టుకుంటాం. సోమవారమే పారేసుంటే పదిహేడుది ఒక ప్లేటన్నా ఉండేది."

"తెలుసు మేడమ్."

"నువ్వు పోస్తావా, నన్ను పొయ్యమంటావా?"

"నేనే పోస్తాను."

పోసింది. ఎర్రనీళ్ళు రంగు విరిగి మామూలు నీళ్ళలా అయిపోయాయి. ఒక్క ప్లేటు మీద జాలిపడి రెండో ప్లేటుని తన చేత్తోనే చంపానని, ఎవరూ అనకుండానే, తనే తనని తిట్టుకుంది. ఏడుపు ఆపుకోవడం చేతకాలేదు.

ఒంటిగంటకి ఫోను మోగింది.

"వాడికి పెట్టావా?"

పెట్టానక్కా అనే మాట నాలిక చివరే ఉంది. ఇంకో ఏడాదైనా నడిపించెయ్యొచ్చు, ఎవరొచ్చి చూస్తారు? అక్క నాలుగు మెతుకులు తింటుంది కదా అని కూడా అనుకుంది. కానీ సోమవారం దాచింది చాలు.

"అక్కా... వాడు లేడక్కా. నా వల్లే. చెడిపోయిందాన్ని పారెయ్యలేక దాచిపెట్టా. బాగున్నది కూడా పోయింది."



"అప్పుడూ నువ్వే చెప్పావు" అంది అక్క.

ఫోను పెట్టెయ్యలేదు. అన్నం వడ్డించుకున్న కంచాన్ని పక్కకి జరిపిన చప్పుడు వంటావిడకి వినిపించింది.