నేను అమ్మనని మొండికేసిన బియ్యం

ఈ ఉదయం లారీ దిగిన కొత్త బియ్యం బస్తా కుట్టు విప్పగానే పచ్చిగడ్డి, తడిమట్టి, ఊక కలిసిన వాసన గుప్పున ముఖానికి కొట్టింది. మా సోమందేపల్లెలో అంగడి నడిపేవాడెవడైనా ఆ వాసనకు ముక్కు తిప్పుకుంటాడు. నేను మాత్రం బస్తాలో తల దూర్చి నిలబడిపోయాను. "ఏమయ్యా, సగం బస్తా ముక్కుతోనే ఖాళీ చేస్తాండావే!" అని నా భార్య లక్ష్మీదేవి అరిచేదాకా నేను అంగట్లో లేను. మా మిద్దె మీది వాటాలో, సూజిన్ వంటింట్లో ఉన్నాను.

హైవే పక్కన కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా నుంచి వచ్చిన కుటుంబాల్లో ఒకటి మా మిద్దె మీద దిగింది. భర్త ఇంజినీరు. పొద్దున పోతే సాయంత్రమే కనిపించేవాడు. భార్య సూజిన్, ఆరేళ్ల కూతురు హానా. పేరుకు వాళ్లు మాకు అద్దెకున్నవాళ్లే గానీ, ముప్పై ఏళ్లుగా తక్కెడ పట్టుకున్న నాకు అంగడి నడపడం నేర్పింది ఆ సూజినే.

మా అంగళ్లలో ఒక కట్టుబాటుంది. కొనేవాళ్లు బల్లకు అటువైపు నిలబడి అడగాలి, అమ్మేవాడు ఇటువైపు నుంచి తూచి పొట్లం కట్టాలి. వచ్చిన మొదటిరోజే సూజిన్ బుట్ట పట్టుకుని, బల్ల పలక పైకెత్తి, నేరుగా లోపలికి నడిచి వచ్చేసింది. వాళ్ల దేశంలో ఎవరికి కావలసింది వాళ్లే ఏరుకుంటారట. మా అంగడి ఎంత విశాలమంటే, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు రోడ్డు మీదికి పోయి దారివ్వాలి. అందులోనే ఆమె కందిపప్పులో చేయి పెట్టింది, చింతపండు వాసన చూసింది, ఇంగువ డబ్బా మూత తీసి ఏడడుగులు వెనక్కి ఎగిరింది. నేనే లెక్కపెట్టాను. ఇంతలో బయటి నుంచి లారీ డ్రైవరు రాజన్న, "ఏమప్పా, పనికి కొత్తామెను పెట్టుకుంటివా? ఏమ్మా, కిలో ఎర్రగడ్డలియ్యి!" అన్నాడు. ఆమె గంపలోంచి ఒక్కొక్క ఉల్లిగడ్డనూ నొక్కి, తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, పెళ్లికొడుకును ఎంచినట్లు ఎంచి తూచింది. రాజన్న సంచిలోకి తొంగిచూసి, "ఇన్నేండ్లలో నువ్వు నాకొక్క మంచి గడ్డ ఇయ్యలేదు కదప్పా!" అని పోయినాడు. నా పరువులో మొదటి ముక్క ఆరోజే రాలింది.

అసలు కథ బియ్యంతో మొదలైంది. మా వైపు మర్యాదంతా పాత బియ్యానిది. వండితే మెతుకుకు మెతుకు విడివిడిగా ఉండాలి. పెళ్లిలో అన్నం ముద్దయిందంటే వియ్యాలవారు మూడు తరాలు చెప్పుకుంటారు. కొత్త బియ్యం ముద్దవుతాయి కాబట్టి సంగటిలోకి తప్ప ఎవరూ అడగరు. అందుకని దేశం దాటి వచ్చిన ఆడబిడ్డకు ఏడాది నాటి పాత బియ్యం ఇచ్చాను. నాలుగో రోజు ఆమె వచ్చి, ఫోనుకు తన భాషలో ఏదో చెప్పింది. ఫోను పాఠం అప్పజెప్పినట్లు తెలుగులో పలికింది: "మీ అన్నం మెతుకులు ఒకదానికి ఒకటి అంటుకొనుట లేదు."

నాకు కళ్లు చెమర్చాయి. సొంత బావమరిది కూడా నా బియ్యాన్ని అంతలా మెచ్చుకోలేదు. "అంతే కదమ్మా మన సరుకు! పక్కన మెతుకుండాదని ఇంకో మెతుక్కు తెలీదు!" అని, ఈసారి రెండేళ్ల నాటివి కట్టిచ్చాను. వారం తిరక్కుండా ముఖం వేలాడేసుకుని మళ్లీ వచ్చింది. ఇంకా పాతవి కావాలేమోననుకుని, మా మామ బియ్యం మిల్లులో దాచుకున్న బస్తా బతిమాలి తెప్పించాను. ఆ బియ్యానికి ఓటు హక్కు ఒక్కటే తక్కువ.

ఒక మధ్యాహ్నం లక్ష్మీదేవి మిద్దె దిగి వచ్చింది. "ఏమయ్యా, ఆ హానా బిడ్డ నెలనాళ్ల నుంచి అన్నం ముట్టలేదంట. బిస్కెట్లతోనే బతుకుతాండాది. ఇట్లయితే వచ్చే వారం సూజిన్ బిడ్డనెత్తుకొని వాళ్ల దేశం పోతాదంట. ఆయప్పొక్కడే ఈడుంటాడంట" అంది.

ఆమె వెనకే సూజిన్ డబ్బాలో వండిన అన్నం తెచ్చి, బల్ల మీద వాళ్లు తినే రెండు పుల్లలతో ఎత్తి చూపించింది. మెతుకులు ముత్యాల్లా జలజలా రాలాయి. నాకు పండగలా అనిపించింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే మూలన, గోనెపట్ట కింద నేను దాచిపెట్టిన కొత్త బియ్యం ఆమె కంటబడ్డాయి. పోయి చేయి పెట్టింది, ఒక గింజ కొరికింది, ముఖం వెలిగిపోయింది.

నేను అడ్డం పడ్డాను. "అవొద్దమ్మా! ముద్దయితాయి! మా అంగడి నుంచి నీ ఇంటికి ఆ బియ్యం వస్తే నేను ఊర్లో తలెత్తుకోలేను. అమ్మనంటే అమ్మను!"

"ఓయబ్బా, నీ పరువును వండి పెడ్తావా బిడ్డకు?" అని లక్ష్మీదేవి నన్ను పక్కకు నెట్టి రెండు శేర్లు పోసింది.

గంట తర్వాత మమ్మల్ని పైకి పిలిచారు. హానా గిన్నె ముందు కూర్చుని ఉంది. పుల్లలతో అన్నం ఎత్తితే ఉండలా లేచింది, రాలలేదు. ఒక గిన్నె, రెండో గిన్నె. మూడోది అడిగేసరికి సూజిన్ నవ్వుతూ ఏడ్చింది, లక్ష్మీదేవి ఏడుస్తూ నవ్వింది. నాకూ ఒక గిన్నె పెట్టారు. మా ఇంట్లో అలా వండితే పోస్టర్లు అంటించడానికి వాడుకుంటాం. కానీ ఆ పిల్ల బుగ్గలు చూస్తూ మొత్తం తినేశాను.

"అయినా అవి మంచి బియ్యం కాదమ్మా" అన్నాను, చావని మొండితనంతో.

సూజిన్ ఫోను పక్కన పెట్టి, నేర్చుకున్న నాలుగు తెలుగు మాటలు కూడగట్టుకుంది. "అన్నా... మంచిది... ఎవరికి?"

వాళ్లు వెళ్లలేదు. మూడేళ్లున్నారు. ఎక్కువ కారం లేకుండా ఎర్రరంగిచ్చే బ్యాడిగి మిరపకాయలు, ముల్లంగి ఏరుకుని, మా మిద్దె మీద ఆమె పెట్టిన ఊరగాయ వాసనకు పెనుకొండ కొండ పక్కకు జరిగిందని నా గట్టి నమ్మకం. తీరికైనప్పుడు బల్ల వెనక కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లనూ "ఎవరికి?" అని అడిగేది. జనం పొట్లం మరిచిపోయి ఇంటి సంగతులన్నీ చెప్పేవారు. తర్వాత భర్తకు వేరే దేశం బదిలీ అయింది. హానా నన్ను కావలించుకుని, "పోయొస్తా పెదనాయనా" అని అచ్చం మా ఊరి పిల్లలా చెప్పి కారెక్కింది.

నిన్న గొర్రెల కాపరి మల్లన్న వచ్చి, "అన్నా, ఉండేదాంట్లో మంచి బెల్లం ఇయ్యి" అన్నాడు. ఒకప్పుడైతే బంగారు రంగు అచ్చు కట్టి పంపేసేవాణ్ణి.

"ఎవరికప్పా?" అన్నాను.

"గొర్రెకు. పొద్దున్నే ఈనినాది. నీరసంగా పండుకోనుండాది."

ఈనిన జీవానికి సత్తువిచ్చే నల్లబెల్లం తీసి, నీళ్లలో కరిగించడం సులువుగా ఉంటుందని నలగ్గొట్టి ఇచ్చాను. మల్లన్న పోలేదు. బల్ల మీద మోచేతులానించి ముఖమంతా నవ్వయ్యాడు.

"రెండు పిల్లలన్నా! ఒగదానికి నుదుటి మీద తెల్లబొట్టుండాది. చూసేకి వస్తావా?"

అంగడి లక్ష్మీదేవికి అప్పజెప్పి, వెళ్లి చూసి వచ్చాను.